టీ అనలేదుగా!

పోయిన వారం మనం మార్సెల్లాని హాలిఫాక్స్ ఆస్పత్రిలో, డాక్టర్ కోమో ఎదురుగా కూర్చోబెట్టి వచ్చేశాం. గోడమీది తెర మీద ఆమె మొగుడు లాకీ బీటన్ మెదడు ఫోటోలు రెండు వెలుగుతున్నాయి. నవంబరులో పక్షవాతం వచ్చిన కొత్తలో తీసింది ఒకటి, మొన్న ఏప్రిల్లో తీసింది ఒకటి. నెత్తురు బాగా పారే చోట ఎరుపు, పారని చోట నీలం. మొదటి ఫోటోలో కుడివైపు అరచేతి మేర మాత్రమే నీలంగా ఉంది. రెండో దాంట్లో రెండు వైపులా ఎరుపు వెలిసిపోయి ఉంది.

"దెబ్బతిన్న వైపు తగ్గిందంటే అర్థముంది. బాగున్న వైపు కూడా ఎందుకు తగ్గిందో నాకు అంతుపట్టడం లేదు" అంది డాక్టరు. అంతుపట్టనిది అంతుపట్టేదాకా వదిలే మనిషి కాదు ఆవిడ. సోమవారం తొడ దగ్గర నుంచి మెడ దాకా సన్నటి తీగ పంపి నాళాలు చూడాలంది. ఆ తీగ వల్లే మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం కొద్దిగా ఉందని కూడా దాచకుండా చెప్పింది. ఈలోగా లాకీ బోటు ఎక్కడానికి వీల్లేదని, అతని బదులు మేనల్లుడు హ్యూగీ నడుపుకోవచ్చని కాగితం రాసిచ్చింది. సముద్రంలో వేటకి లైసెన్సు ఎవరి పేరున ఉంటే ఆ మనిషే బోటులో ఉండాలన్నది కేప్ బ్రెటన్ తీరంలో చట్టం. డాక్టరు కాగితం ఉంటే తప్ప ఇంకొకడు ఆ స్థానంలో నిలబడకూడదు.

ఆ మాట విని మార్సెల్లా ఏం చేసిందనుకున్నారు? ఏడ్చిందా? ఏడవలేదు. ఆస్పత్రి మెట్లు దిగుతూ లోలోపల "అమ్మయ్య" అనుకుంది. ఇదిగో, ఆ అమ్మయ్యే ఇప్పుడామెని ఒకచోట కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కట్టుకున్న మొగుడి మెదడుకి నెత్తురు అందడం లేదంటే అమ్మయ్య అనుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా?

ఉంటుంది. చలికాలమంతా మార్సెల్లా కళ్లారా చూసింది మరి. లాకీ పళ్లెంలో ఎడమ పక్కనున్న బంగాళాదుంపలు అలాగే మిగిలిపోయేవి. ఆకలి లేదనేవాడు. పళ్లెం అటు తిప్పి పెడితే అవీ తినేసేవాడు. తలుపు దాటుతుంటే ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకునేది, "ఈ గుమ్మం ఎవడు కట్టాడో గానీ" అని తిట్టుకునేవాడు. కట్టింది తనే. డాక్టరుకి చెప్తే అతని చేత కాగితం మీద గీతలు గీయించింది, గడియారం బొమ్మ వేయించింది. లాకీ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, నింపాదిగా, బడిపిల్లాడిలా అన్నీ గీసి ఇచ్చాడు. ఒక్క తప్పు లేదు. ఇంక మార్సెల్లా మాట ఎవరు వింటారు?

గురువారం పొద్దున్న ఆమె కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. శనివారం పెద్ద రొయ్యలు పట్టే బోనులు సముద్రంలోకి దించే రోజు. వాళ్ల ఊరి జూడిక్ రేవులో క్రిస్మస్ కన్నా పెద్ద పండగ అదే. తెల్లవారగానే లాబ్‌స్టర్ బోట్లన్నీ బోనులు మెడదాకా పేర్చుకుని, ఇరుకు రేవు మూతిలోంచి పక్కపక్కనే ఉరుకుతాయి. మంచి చోటు ముందు చేరినవాడిది. పక్క బోటుకీ మన బోటుకీ మధ్య ఒక్కోసారి చెయ్యి పట్టేంత ఎడం కూడా ఉండదు. ఈ ఏడు ఆ గుంపులో లాకీ ఉండడు. ఉండడని తెలిసీ ఆమె భయం తీరలేదు. ఇక ఇంట్లో ఉండలేక, ఆడపడుచు సారా కేథరిన్ పంపిన కేకు పళ్లెం తిరిగిచ్చే వంక పెట్టుకుని రోడ్డెక్కింది.

సారా కేథరిన్ లాకీకి అక్క. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు, పెత్తనమూ తగ్గలేదు. ఏప్రిల్లో ఫోటో తీయించుకునే రోజున మార్సెల్లాకి వృద్ధాశ్రమం వంటింట్లో పని పడితే, తమ్ముణ్ణి కారులో హాలిఫాక్స్ తీసుకెళ్లింది ఈవిడే.

"రావే, కూచో. బల్ల మీద పెట్టనా, చేతికియ్యనా?"

"కూచోను వదినా. చేతికియ్యి చాలు."

రొట్టె, వెన్న, పాకం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని తాగేది టీ. నిలబడి కప్పు పట్టుకుని తాగేది "చేతిలో టీ". దాన్ని ఆ ఊళ్లో ఎవరూ టీ కింద జమకట్టరు. పొయ్యి మీద పొద్దుటినుంచీ మరిగి మరిగి నల్లబడ్డ డికాషను కప్పులోకి వంచుతూ సారా కేథరిన్ అందుకుంది.

"ఆ హాలిఫాక్స్ వాళ్లకి మతి లేదే. వాడికి నెత్తురు అందడం లేదా? ఆ రోజు కారులో చూడాల్సింది నువ్వు! దారంతా పాటలే పాటలు. మా నాన్న పాడేవి, నేను ఎప్పుడో మర్చిపోయినవి, అన్నీ పాడాడు. నా ఫ్లాస్కు మొత్తం వాడే ఊదేశాడు. నాకు ఒక్క గుక్క మిగిల్చాడా, దొంగసచ్చినోడు!"

మార్సెల్లా కప్పు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఫ్లాస్కులో ఏముంది?"

"ఏముంటుందే? పాలా? టీ."

"వదినా! ఆ రోజు తాగకూడదని చెప్పానా లేదా?"

"కాఫీ తాగకూడదన్నావు. ఆస్పత్రి నుంచి ఫోను చేసిన పిల్ల కాఫీ వద్దందని నువ్వేగా చెప్పావు. మన కొంపల్లో కాఫీ తాగే మొహం ఎవరిదే? మా అమ్మ పోయేదాకా దాని వాసన ఎరగదు. టీ అనలేదుగా!"

"మరి అక్కడ నర్సు అడగలేదా?"

"అడక్కేం. 'కాఫీ ఏమైనా తాగారా మిస్టర్ బీటన్?' అని అడిగింది. 'పుట్టి బుద్ధెరిగి తాగలేదమ్మా' అన్నాడు మనవాడు. అందులో అబద్ధమేముంది చెప్పు?"

సారా కేథరిన్ పకపకా నవ్వింది. మార్సెల్లాకి నవ్వు రాలేదు. నవంబరులో మొదటి ఫోటోకి ముందు, లాకీ మంచం పక్కన నిలబడి మీసాల నర్సు కుర్రాడొకడు చెప్పిన మాటలు చెవిలో గింగురుమన్నాయి. కాఫీ గానీ టీ గానీ తాగితే మెదడులో నాళాలు ముడుచుకుంటాయని, నెత్తురు పావు వంతు తగ్గి కనిపిస్తుందని, ఫోటో ఉన్నదొకటీ చూపించేదొకటీ అవుతుందని చెప్పాడు వాడు. ఆ రోజు టీ ఇవ్వనందుకు లాకీ ఆ నర్సుని ఎన్ని తిట్లు తిట్టాడో! అంటే మొన్నటి ఫోటోలో వెలిసిపోయింది మెదడు కాదు. ఆ ఎరుపుని తినేసింది సారా కేథరిన్ ఫ్లాస్కు.

"ఏమే, మొహం అలా పాలిపోయింది? చక్కెర తక్కువైందా?"

"ఏం లేదు వదినా. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చా" అని మార్సెల్లా కప్పు అక్కడే పెట్టేసి బయటపడింది.

సముద్రం పక్క రోడ్డు. ఒడ్డున ఇంకా మాసిన ఐసు ముక్కలు, గాలికి చెవులు తెగిపోతున్నాయి. టోపీ మర్చిపోయిందన్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు. చెప్పాలా, వద్దా? చెప్తే డాక్టరు కాగితం వెనక్కి తీసుకుంటుంది, లాకీ శనివారం బోటెక్కుతాడు. చెప్పకపోతే సోమవారం ఏమీ లేని నాళంలోకి తీగ దూరుస్తారు, ఆ తీగ పోటుకి మనిషి మూగవాడైపోతే? ఒక అడుగు చెప్పాలనుకుంటూ వేసింది, తర్వాతి అడుగు వద్దనుకుంటూ వేసింది. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. తమ్ముడూ తండ్రీ పడవ మీదే కూలబడి పడవ మీదే పోతే కళ్లారా చూసిన మనిషి లాకీ. బోటు పోయిందనుకుని వారం రోజులుగా నోరెత్తకుండా కూర్చున్నాడు. పోలేదని తెలిసీ దాచిపెట్టే హక్కు తనకెక్కడిది? మేరీమాత మీద భారం వేసి, ఇంటికి కాదు, నేరుగా ఇంటి వెనక కొట్టంలోకి నడిచింది.

లాకీ చిన్న పీట మీద కూర్చుని బోను మూతికి వల అల్లుతున్నాడు. ఈ ఏడు తను దించని బోనులు. వేళ్లు మునపటంత చురుగ్గా లేకపోయినా ముడి మాత్రం తప్పడం లేదు.

"లాకీ, విను. నీ మెదడుకి ఏమీ కాలేదు. ఆ ఫోటో తప్పు. నువ్వు తాగిన టీ వల్ల అలా వచ్చింది. రెండు వైపులా తగ్గింది అందుకే! నీకేం కాలేదు!"

ఎగిరి గంతేస్తాడనుకుంది. టోపీ తీసి పైకి విసురుతాడనుకుంది. లాకీ ముడి బిగించి, తాడు చివర పంటితో కొరికి ఉమ్మేశాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"టీ తాగితే ఫోటో చెడుతుందని. ఆ మీసాల కుర్రాడు చెప్పాడుగా, పావు వంతు అని. మర్చిపోయాననుకున్నావా? నాకు మతి పోలేదే, మార్సెల్లా. అక్క ఒక కప్పే పోసింది. మిగతాదంతా నేనే అడిగి పోయించుకున్నా."

మార్సెల్లా విరుచుకుపడింది.

"తెలిసి తాగావా! తెలిసి తాగి, ఆ డాక్టరు ముందు పిల్లిలా కూచున్నావా? సోమవారం నీ ఒంట్లో తీగ దూరుస్తారు, ఆ సంగతి తెలుసా? నేను రాత్రుళ్లు నిద్రలేక చస్తుంటే నువ్వు హాయిగా వల అల్లుకుంటున్నావా?"

"తీగ దూర్చనిస్తే కదా. సోమవారానికి శనివారం దాటిపోతుంది. హ్యూగీ బోటు తీసేస్తాడు. తర్వాత నాకు తీగ వద్దంటా. అయిపోయె."

"ఎందుకు? నీ బోటు నువ్వు పోగొట్టుకోవడానికి ఈ దొంగవేషాలు ఎందుకు?"

లాకీ బోను పక్కన పెట్టాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూశాడు. అరవై దాటిన మనిషి, ఎంత గాలికీ రేవు వైపు వెనక్కి తిరగని మనిషి, చెప్పడానికి మొహమాటపడుతున్నాడు.

"ఐసు తొలగగానే ఒకరోజు, నువ్వు పనికెళ్లాక, చిన్న పడవేసుకుని రేవు మూతి దాటి వెళ్లా. ఊరికే, చెయ్యి అలవాటు పోకూడదని. తిరిగొస్తుంటే ఆకుపచ్చ పీపా కనపడలేదు."

రేవులోకి వచ్చే దారికి ఎడమ పక్కన నీళ్లమీద తేలుతూ ఉండే గుర్తు అది. దానికీ రాళ్లకీ మధ్య దూరం తక్కువ.

"ఐసు కొట్టుకుపోయిందేమో అనుకున్నా. సరే, దాని సంగతి రేవులో చెప్దామని వస్తున్నా. ఠంగుమని తగిలింది పడవ మూతికి. ఉన్నచోటే ఉంది. నేను పుట్టినప్పటినుంచీ ఉన్నచోటే. ఎండ కాస్తోంది, నీళ్లు నిలకడగా ఉన్నాయి. నేనే చూడలేదు."

"చూపు మసకబారిందేమో..."

"మసకైతే మసకని తెలుస్తుంది కదే! చీకటైతే చీకటని తెలుస్తుంది. అక్కడ ఏదీ లేదు. లేదన్న సంగతి కూడా లేదు. పీపా తగిలేదాకా నా లోకం నిండుగానే ఉంది." లాకీ రేవు వైపు చెయ్యి చూపించాడు. "శనివారం ఆ మూతిలో ఎడమ పక్కన పీపా కాదు, మనుషులున్న బోటుంటుంది."

మార్సెల్లా అక్కడున్న బోను మీదే కూలబడింది. బంగాళాదుంపలు, గుమ్మం, అన్నీ అతనికి తెలుసన్నమాట. తెలియదనుకుని చలికాలమంతా తనొక్కతే పళ్లెం తిప్పింది.

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? డాక్టరుకి చెప్తావు. నెత్తురు తగ్గిందని డాక్టరు బోటెక్కొద్దంటే, పాపం లాకీ అంటారు. లాకీయే భయపడి దిగిపోయాడంటే ఏమంటారు? మా నాన్న పేరు చెప్పుకుని ఆ రేవులో తలెత్తుకుని నడవగలనా?"

"భయపడితే తప్పేంటి? నేను లేనా, రోజూ భయపడుతూ?"

"నీ భయం వేరు. నువ్వు ఒడ్డున ఉండి పడతావు."

ఆ మాటకి చెంప మీద కొట్టాలనిపించింది ఆమెకి. కొట్టలేదు. "టీ లేకుండా మళ్లీ తీయిద్దాం. ఫోటో బాగుంటుందేమో" అంది, ఓర్పు కూడగట్టుకుని.

"అదేనే నా భయం! బాగుందనుకో. అప్పుడు నాకేమైనట్టు?"

ఉన్న ఒక్క యంత్రమూ బాగున్నావంటే, బాగాలేనని ఎవరితో మొరపెట్టుకోవాలి మనిషి?

సరిగ్గా అప్పుడే ఆమె కోటు జేబులో ఫోను మోగింది. డాక్టర్ కోమో. మార్సెల్లా గభాలున లేచి నిలబడింది.

"మిసెస్ బీటన్, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా? మొన్నటి ఫోటోలు నన్ను నిద్రపోనివ్వడం లేదు. లెక్కలు చూసే మావాళ్లతో కూర్చుని మళ్లీ కొలిపించాను. రెండు వైపులా సరిగ్గా ఒకే వంతు తగ్గింది. జబ్బు అంత న్యాయంగా పంచిపెట్టదండీ. అందుకే అడుగుతున్నా, ఏమీ అనుకోకుండా నిజం చెప్పండి. ఆ రోజు ఆయన టీ గానీ తాగారా?"

కొట్టం చిన్నది, డాక్టరు గొంతు పెద్దది. లాకీకి ప్రతి మాటా వినిపించింది. వద్దు, వద్దని అడ్డంగా తల ఊపాడు. రెండు చేతులూ జోడించాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెకి చేతులు జోడించడం అదే మొదలు.

లేదంటే సోమవారం తీగ. శనివారం తర్వాత వద్దంటానని ఇప్పుడంటున్నాడు గానీ, ఆ డాక్టరు ఎదుట గట్టిగా వద్దనగలడా? అవునంటే బోటు. మార్సెల్లా కళ్లు గట్టిగా మూసుకుంది. మొగుడి ప్రాణం మీద తనకి అబద్ధమాడటం చేతకాదని ఆ క్షణంలోనే తెలిసింది ఆమెకి.

"తాగాడండీ. ఫ్లాస్కు నిండా."

అవతల డాక్టరు గట్టిగా నవ్వేసింది. "చంపేశారు పొండి! ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పాను, కేప్ బ్రెటన్ వాళ్లకి కాఫీ అనొద్దు, టీ అని చెప్పమని! సరే, మంచిదే అయింది. సోమవారం తీగ అక్కర్లేదు. ఆయన రాసిన పరీక్షలన్నీ బాగున్నాయి. ఆపడానికి నా దగ్గర ఇంకేం కారణం లేదు. మధ్యాహ్నం లోపు కొత్త కాగితం పంపిస్తాను. పాతది చెల్లదు. జూలైలో సీజను అయ్యాక మళ్లీ ఫోటో తీద్దాం." ఆవిడ గొంతు కాస్త నెమ్మదించింది. "కానీ పంపేముందు ఒక మాట. ఆయనకి ఇబ్బందేమైనా ఉంటోందా? చూపు గానీ, దారి గానీ, ఏదైనా తేడాగా అనిపిస్తోందంటున్నారా? ఫోటోకీ కాగితం పరీక్షకీ దొరకనివి కొన్ని ఉంటాయి. మనిషి చెప్తేనే తెలుస్తాయి."

చెప్పుకోవడానికి డాక్టరే తలుపు తీసింది. ఇంతకన్నా బార్లా ఎవరూ తీయరు. తను చెప్పెయ్యొచ్చు. కానీ అది అతని నోటి మాట. అతను చెప్తేనే దానికి విలువ, అతను చెప్తేనే రేపు అతను నిలబడగలడు.

"మీరే అడగండి, ఇక్కడే ఉన్నాడు" అని ఫోను అతని ముందుకు చాపింది. పెదాలు కదిపి, శబ్దం లేకుండా, "చెప్పు" అంది.

లాకీ ఫోను అందుకున్నాడు. చెవికి ఆనించుకున్నాడు. డాక్టరు ఏదో అడిగింది. గొంతు సవరించుకున్నాడు. మార్సెల్లా అతని నోటినే చూస్తోంది.

"ఇబ్బందా? అబ్బే! నాకేం ఇబ్బంది డాక్టరమ్మా? గుండ్రాయిలా ఉన్నా. శనివారం బోటు తీస్తున్నా. మొదటి పట్టులో మంచివి ఏరి మీకే పంపిస్తా, వెన్న కరిగించి ఉంచండి."

నవ్వుతూ పెట్టేశాడు. ఫోను కిందికి దిగేసరికి మొహంలో నవ్వు లేదు.

"ఎందుకలా అన్నావ్?" మార్సెల్లా గొంతు కీచుమంది. "ఇప్పుడే కదా నాతో చెప్పావు! ఆవిడా అడిగింది కదా! ఎందుకలా అన్నావ్!"

"చెప్దామనే ఫోను అందుకున్నానే. ఒట్టు. నోరు తెరిచేసరికి అదొచ్చింది."

"మళ్లీ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

"చెయ్యలేను."

"అయితే చుక్కాని హ్యూగీకియ్యి. నువ్వు బోటులో ఊరికే ఉండు."

"బోనులు దించే రోజున, రేవంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా, నా బోటు చుక్కాని ఇంకొకడి చేతిలో పెట్టి నేను బస్తాలా కూచోవాలా? నేను భయపడ్డానని ఇప్పుడే ఫోనులో చెప్పినా ఒకటే, అదీ ఒకటే." లాకీ లేచి నిలబడ్డాడు. గోడకి వేలాడుతున్న, నీళ్లకి తడవని నూనెగుడ్డ కోటు దించి దులిపాడు. "పోతే పోతా. నిదానంగా పోతా. వెనక పోతా."

"నేనూ వస్తున్నా" అంది మార్సెల్లా.

"ఎక్కడికి?"

"బోటులోకి. శనివారం. నీ పక్కన నిలబడతా. పీపా కనపడితే పీపా అంటా, బోటు కనపడితే బోటంటా."

"మతి పోయిందా? ఒడ్డున కట్టిన పడవలో కూచుంటేనే కక్కుకుంటావు నువ్వు!"

"కక్కుకుంటూనే చెప్తా."

"బోనులు దించే రోజున పెళ్లాన్ని ఎక్కించుకున్న మగాడు ఈ తీరంలో ఎవడైనా ఉన్నాడా? నవ్విపోతారే."

"నవ్వనీ! నవ్వేవాళ్లు బతికుంటే చాలు నాకు."

లాకీ కోటు తొడుక్కోవడానికి అటు తిరిగాడు, తిడుతూనే. మార్సెల్లా రెండడుగులు వేసి అతని ఎడమ పక్కకొచ్చింది. చుక్కాని గదిలో ఎక్కడ నిలబడాలో, అతని మోచేతికి తగలకుండా ఎంత దూరంలో ఉండాలో కొలుచుకుంటున్నట్టు నిలబడింది. చెయ్యి చాపితే అతని భుజం అందుతుంది.

లాకీ గుండీలు పెట్టుకున్నాడు. తల ఎత్తాడు. ఎదురుగా ఆమె ఇంతసేపూ కూర్చున్న బోను ఖాళీగా ఉంది. తలుపు వైపు చూశాడు. కుడి పక్కన తాళ్ల గుట్ట వైపు చూశాడు. మళ్లీ తలుపు వైపు చూశాడు.

"మార్సెల్లా?" అన్నాడు. "మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటెళ్లిపోయావే?"